‘తిన్న తర్వాత’ అనే రబ్బరు స్టాంపు

మా సెంటర్లో టిఫిన్ హోటలాయన ఈమధ్య పెసరట్టు మరీ పల్చగా పోస్తున్నాడు. ఎత్తి పట్టుకుంటే అందులోంచి రాజోలు బస్సు బోర్డు చదువుకోవచ్చు. అదేమిటని అడిగితే, "పల్చగా ఉంటే అరుగుదలకి మంచిదని మీ డాక్టర్లే అంటారు కదండీ" అన్నాడు. నేను డాక్టర్నే గానీ ఆ మాట ఎప్పుడూ అన్లేదు.

ఆ హోటలు పక్కనే సెలూన్. నా పుట్టువెంట్రుకలు తీసిందీ, తర్వాత నా మొదటి గడ్డం గీసిందీ ఆ సెలూన్ బాబాయే. రెండేళ్ల కిందట, ఊరికే ఉన్నప్పుడు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. పని మొదలెడితే బిగుసుకుపోవడం కూడా ఉంది. కాకినాడలో పెద్ద డాక్టరు పార్కిన్సన్స్ అని తేల్చి మాత్రలు రాసి, మిగతాది నాకు వదిలేశారు.

కత్తి పట్టుకున్న చెయ్యి వణికితే బేరాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. క్రాఫు కోసం వచ్చినవాళ్లక్కూడా గుమ్మంలోనే తమ చెవులు గుర్తొచ్చేవి. నేనూ ఇంట్లోనే గీసుకోవడం మొదలెట్టాను. టైము చాలట్లేదని చెప్పేవాణ్ణి. బాబాయి "ఆయ్" అనేవారు.

"పొద్దుటి మాత్ర పట్టట్లేదండీ" అన్నారోసారి. "సాయంత్రం నాలుగింటికి వేసుకునేదే నయం. సరిగ్గా బేరాలొచ్చే టైముకి చెయ్యి మొండికేస్తోంది. ఇలాగైతే కొట్టు మూసెయ్యడమేనండి."

"మానకుండా వేసుకుంటున్నారా?"

"ఆయ్. మీ చీటీలో ఉన్నట్టే, గట్టిగా తిని మరీ."

మోతాదు పెంచాను. మందు పనిచెయ్యకపోతే రోగం ముదిరిందనుకోవడం మా వృత్తిలో ఉన్న సౌకర్యం.

చీటీ సంగతి చెప్పాలి. మా వైపు పరగడుపున మాత్ర వేసుకోమంటే ఇంటిల్లిపాదీ ఒప్పుకోరు. "వట్టి కడుపునా!" అని ఆ సాయంత్రానికల్లా డాక్టర్నే మార్చేస్తారు. అందుకని ‘తిన్న తర్వాత’ అని ఓ రబ్బరు స్టాంపు చేయించాను. మా కాంపౌండరు ప్రతి చీటీ మీదా దాన్ని భక్తిగా గుద్దేవాడు.

ఆమధ్య అమలాపురంలో ఓ హోటలు హాల్లో, పార్కిన్సన్స్ వైద్యం మీద డాక్టర్లకి క్లాసు పెట్టేరు. ఇలాంటి వాటికి మేం జ్ఞానం కోసమే వెళ్తాం. భోజనంలో చేప ఉందా అని ముందే ఫోన్ చేసి కనుక్కోవడం వేరే విషయం.

పాఠం చెప్పడానికొచ్చిన నరాల డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. "ఈ మాత్ర ఎప్పుడు వేసుకోమంటున్నారు?" అని అడిగింది.

"తిన్న తర్వాత" అన్నాం చాలామందిమి. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "తిండిలో మాంసకృత్తులూ ఈ మందూ ఎక్కేది ఒకటే బస్సండీ. ముందు తినేస్తే సీట్లన్నీ అవే పట్టేస్తాయి, మందు స్టాండులో నిలబడిపోతుంది. అందుకే తిండికి అరగంట ముందు వేసుకోవాలి. ఇంతకీ ఇక్కడ పొద్దున్నే ఏం తింటారు?"

"పెసరట్టండీ" అన్నారెవరో వెనకనుంచి.

"పెసల్లో బోల్డు మాంసకృత్తులు" అంది నవ్వుతూ.

చేప బాగుందన్నారు. నేను గమనించలేదు.

మర్నాడు పొద్దున్నే సెలూన్‌కెళ్లి, చీటీ మీదున్న స్టాంపు ముద్రని అడ్డంగా కొట్టేసి, టిఫినుకి అరగంట ముందని రాశాను. కడుపులో తిప్పితే ఒక బిస్కట్టు తినమన్నాను. పెంచిన మోతాదు మళ్లీ తగ్గించాను.

"మరి ఇన్నాళ్లూ తిన్నాక అన్నారు?"

"వైద్యం మారింది బాబాయ్" అన్నాను. మారింది వైద్యం కాదు గానీ, రోగికి అంత వివరం అనవసరం.

మూడు వారాల తర్వాత అటుగా వెళ్తుంటే బాబాయి గట్టిగా పిలిచేరు. లోపల బల్ల మీద ముగ్గురు పేపరు చదువుతున్నారు. కుర్చీ మాత్రం ఖాళీ.

ఆయన కత్తికి కొత్త బ్లేడు వేసి, చెయ్యి చాపి చూపించేరు. వణుకు దాదాపు లేదు. ఉత్తినే గాల్లో గీసి చూపించేరు. చెయ్యి చక్కగా తిరుగుతోంది.

"బ్రహ్మాండం!" అన్నాను మనస్ఫూర్తిగా.

ఆయన తువ్వాలుతో కుర్చీ టపటపా దులిపేరు. "అయితే కూర్చోండి. మీరు కూర్చుంటేనే ఈళ్లూ కూర్చుంటారు."

ముగ్గురూ పేపర్లు దించేరు.

"ఇంట్లో గీసుకొచ్చేశాను బాబాయ్" అన్నాను గడ్డం తడుముకుంటూ. దవడ కింద నేను వదిలేసిన వెంట్రుకలు చేతికి తగిలాయి. ఆయనక్కూడా కనిపించాయి.

"మీ స్టాంపు నమ్మి రెండేళ్లు పెసరట్టు తిని మాత్రేసుకున్నానండి. మీరు అయిదు నిమిషాలు నా చెయ్యి నమ్మలేరా?"