ఖాళీ అని రాసిన చోటు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ మంట. కొలిచింది రాయడం, చూసింది గీయడం, ఇదే నా ఉద్యోగం. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

డెబ్బైల చివర్లో వరంగల్‌లో పట్టణ పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసేవాణ్ని. కట్టడాలకు నల్ల సిరా నింపాలి, ఖాళీ జాగా తెల్లగా వదలాలి. తెలుపు ఎక్కడుంటే కొత్త రోడ్డు అటు నుంచి పోతుంది.

ఒకరోజు నేనూ, టేపు పట్టే మల్లయ్యా నేతగాళ్ల వాడకు వెళ్లాం. మంచినీళ్లడిగితే మొహం మీదే తలుపేశారు. నాకు ఒళ్లు మండింది. ఇళ్ల మధ్య పొడవాటి జాగా ఉంది. మగ్గానికెక్కించే పొడుగు దారాలను, అంటే పడుగును, పొద్దున్నే అక్కడ బారుగా కట్టి గంజి పెడతారట. మేం వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. దుమ్ము తప్ప ఏమీ లేదు. అయినా దాటేవాళ్లంతా మధ్యకు రాగానే వంగి పోతున్నారు.

నర్సయ్య అనే ముసలి నేతగాడు అడ్డమొచ్చాడు. "ఖాళీ అని రాయకు సారూ. ఈడ రోడ్డు పడితే పడుగేడ కట్టాలె? మా మగ్గాలు మూతబడ్తయి."

కనబడిందే రాస్తానన్నాను.

"అయితే జర వంగి పో. పడుగున్నది."

నవ్వి, నిటారుగా నడిచాను. సగం దూరంలో గొంతుకు సన్నటి దారం తగిలింది. తోసేద్దామంటే చేతికి ఏమీ దొరకలేదు. అది మాత్రం బిగుస్తూనే ఉంది. ఊపిరాడక మోకాళ్ల మీద పడ్డాక వదిలింది.

"సారూ, మెడకు నెత్తురొస్తాంది," అంటూ మల్లయ్య పరుగెత్తుకొచ్చాడు. వాడవాళ్లు గడపల్లో నిలబడి చూశారు. ఒక్కరూ కదల్లేదు.

ఆఫీసు అద్దంలో చూసుకుంటే చెవి నుంచి చెవి దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఎర్రటి గీత. భయం కంటే కోపమే ఎక్కువైంది. నేతపనికి వాడుకలో ఉందని ఒక్క ముక్క రాస్తే రోడ్డు పక్కకు జరిగేది. కసికొద్దీ 'ఖాళీ' అని రాశాను.

ఎనభైల్లో రోడ్డు పడింది. నర్సయ్య మగ్గం విప్పేసి, కొడుకుతో భీవండి మరమగ్గాలకు పోయాడు. వాడలో వంగి నడిచేవాళ్లు మిగల్లేదు.

ఆ రోడ్డు మీద అందరూ పోతుంటారు, ఎవరికీ ఏమీ కాదు. నేను ఒక్కసారి తలెత్తి దాటబోయి, మళ్లీ అదే గీతతో ఇంటికొచ్చాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. అప్పటి నుంచి ఆ చోట స్కూటర్ దిగి, వంగి దాటుతాను.

"ఏం బోయింది సారూ, ఎతుకుతాన్నవ్?" అని దారిన పోయేవాళ్లు అడుగుతారు.

ఏమీ లేదంటాను.