నీళ్ళు పోసే కుమారమ్మకు నీళ్ళు పోసిన రోజు

సింగపూర్‌లో చాందిని బారసాల. ఆ రోజు పొద్దున్నే కుమారమ్మ క్లెమెంటిలోని వాళ్ళ ఫ్లాట్‌కు వెళ్ళింది. బిడ్డను చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్ళు పోసింది. సాంబ్రాణి పొగ వేసింది. బాలింతరాలు అలేఖ్యకు తలంటి, జుట్టు ఆరబెట్టి, పట్టుచీర కుచ్చిళ్ళు కూడా ఆమే సర్దింది. అంతా అయ్యాక అలేఖ్య అత్తగారు తారాదేవి వంటింటి గుమ్మంలో నిలబడి, “ఇంక నువ్వు బయల్దేరు కుమారమ్మా. కాసేపుంటే చుట్టాలొచ్చేస్తారు, లిఫ్టు దగ్గర తోపులాట” అంది.

కుమారమ్మ “సరేనమ్మా” అంది. బిడ్డను తొట్లో వేసి పాట అందుకునే వేళకు ఆమె జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారుతోంది.

ఇది ఒక్క తారాదేవి చేసిన పని కాదు. క్లెమెంటిలో, యీషున్‌లో, ఇంకా ఎక్కడెక్కడి ఫ్లాట్లలోనో ఎంతమంది తెలుగు పిల్లలు ఆ కాళ్ళ మీద నిద్రపోయారో ఆమెకే లెక్క తెలియదు. డబ్బిస్తారు, అందులో లోటు లేదు. ఆంటీ అనో, పేరుతోనో నోరారా పిలుస్తారు. బారసాలకు మాత్రం పిలవరు. నీళ్ళు పోసే మనిషిని పేరంటాళ్ళతో పాటు కూర్చోబెట్టకూడదన్న నియమాన్ని మనవాళ్ళు విమానంలో జాగ్రత్తగా మడతపెట్టి తెచ్చుకున్నారు. దాని పేరు కులం. ‘మా ఇంటి ఆచారం’ అన్నది దాని ముద్దు పేరు.

కుమారమ్మ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. తల్లి ఇక్కడి బ్రిటిష్‌వాళ్ళ నేవల్ బేస్ క్వార్టర్లలో పిల్లలకు నీళ్ళు పోసేది. కుమారమ్మ ఒక బడిలో ఊడ్చే పని చేసి రిటైరై, తల్లి చేతి పనిని తన చేతిలోకి తీసుకుంది. అరవై దాటింది. ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. బారసాల మాట ఎత్తితే నవ్వేసి, “మనకెందుకులే” అనేది. కానీ తను నీళ్ళు పోసిన బిడ్డ తొట్లో ఊగుతుంటే ఒక్కసారి పక్కన నిలబడి చూడాలని ఆమెకు ఎంత కోరికో కూతురు శాంతికి తెలుసు. ఏ ఇంటి బారసాల ఫోటోలు ఫోన్‌లో కనిపించినా, వేళ్ళతో పెద్దవి చేసుకుని తొట్టెను వెతుక్కునేది.

అలాంటి కుమారమ్మ ఇస్తాంబుల్ వెళ్ళింది.

అలేఖ్య భర్త కౌశల్‌కు అక్కడ ఏదో కాన్ఫరెన్స్. అలేఖ్యకు ఊరు చూడాలని ఉంది. అప్పటికి ఎనిమిది నెలలు నిండిన చాందిని తల్లి తర్వాత కుమారమ్మ చంక తప్ప ఇంకో చంక ఎక్కదు. కాబట్టి కుమారమ్మకు టికెట్ కొన్నారు. తమాషా ఏమిటంటే, పీహెచ్‌డీలు ఉన్న మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇండియా పాస్‌పోర్టులతో వీసాల కోసం కాగితాలు పట్టుకుని తిరిగారు. సింగపూర్‌లో పుట్టిన కుమారమ్మ వీసా మాటే లేకుండా ఎర్ర పాస్‌పోర్టు చూపించి ముందుగా బయటపడి, అవతలి వైపు నిలబడి వాళ్ళకు చెయ్యి ఊపింది.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు విడిగా ఒక పాతకాలం స్నానశాల ఉంది. అలేఖ్య తన ఒక్కదాని పేరే బుక్ చేసుకుంది. “ఆంటీ, మీరు పాపని పట్టుకుని ఇక్కడే కూచోండి, వన్ అవర్‌లో వచ్చేస్తా” అని ముందు హాల్లో చెక్కబల్ల చూపించింది.

కుమారమ్మ కూర్చుంది. ఎదురుగా తెర. తెర వెనక నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. గళ్ళ తువ్వాళ్ళు చుట్టుకుని, ఎర్రబడ్డ బుగ్గలతో, పనేమీ లేనట్టు నవ్వుకుంటూ చిన్న గాజుగ్లాసుల్లో టీ తాగుతున్నారు. ఆ ఒళ్ళు చూసి కుమారమ్మకు ఆశ్చర్యం వేసింది. నలుగు పెట్టి పోశాక పసిపిల్ల ఒళ్ళు ఎలా ఉంటుందో, తన వయసు ముసలమ్మల ఒళ్ళు అలా ఉంది. లోపల ఎవరో పని తెలిసినవాళ్ళున్నారు.

“అలేక్యా” అంది కుమారమ్మ.

“చెప్పండాంటీ.”

“నానూ మండి చేస్తాను.” స్నానానికి వాళ్ళింట్లో మలయ్ మాటే.

అలేఖ్య చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. ఇన్ని నెలల్లో కుమారమ్మ మంచినీళ్ళు కూడా అడిగి తాగలేదు. “మరి పాప ఎవరి దగ్గర ఆంటీ?”

“పాపకి అయ్యున్నాడు కదా.”

“ఆయన స్లైడ్స్ చేసుకుంటున్నారు.”

“పాపని కూడా ఆయనే చేశాడు కదేటమ్మా.”

అలేఖ్య పకపకా నవ్వి, కుమారమ్మకూ ఒక టికెట్ తీసుకుని, ఫోన్ తీసింది. కౌశల్ మెడలో కాన్ఫరెన్స్ బ్యాడ్జితో పరుగున వచ్చాడు. గుమ్మం లోపల ఒక్క అడుగు పెట్టాడో లేదో, గుమ్మం దగ్గర డబ్బులు తీసుకునే ముసలావిడ కోడిని తోలినట్టు చెయ్యి ఊపుతూ అతన్ని వీధిలోకి తోలేసింది. పాప, పాలసీసా, డైపర్ల సంచి ఒకదాని వెనక ఒకటి అతని చేతుల్లో పడ్డాయి.

“ఎంతసేపు?” అన్నాడు కౌశల్.

“ఎంతసేపైతే అంతసేపు” అంది కుమారమ్మ, తెర పక్కకు తొలగిస్తూ.

లోపల మొదటి యుద్ధం లంగా దగ్గర. మన ఆడవాళ్ళు చెరువులోనూ ఏట్లోనూ చేసినట్టు కుమారమ్మ లంగాను గుండెల మీదికి కట్టుకుని తయారైంది. ఒళ్ళు రుద్దే ఆవిడ, దిట్టమైన మనిషి, గళ్ళ తువ్వాలు ఇచ్చి లంగా విప్పమని సైగ చేసింది. కుమారమ్మ తువ్వాలును లంగా మీద కట్టుకుంది. ఆవిడ లంగా కొస పట్టుకుని లాగింది. కుమారమ్మ ఇటు లాగింది. ఇద్దరూ గట్టివాళ్ళే. ఆఖరికి కుమారమ్మకు నవ్వొచ్చి పట్టు సడలింది. లంగా పోయింది, తువ్వాలు మిగిలింది.

పైన పెద్ద గుమ్మటం. దాని నిండా చిన్న చిన్న కన్నాల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఆవిరి మీద పడుతోంది. నడుమ పెద్ద పాలరాతి అరుగు, కింద నుంచి వేడి. దాని మీద పడుకోబెట్టారు. పక్కన అలేఖ్య. కాసేపటికి కీళ్ళన్నీ విడివిడిగా నిద్రపోయాయి. అంతలో తొడ మీద ఫెడీమని దెబ్బ.

“ఓలమ్మ, కొట్టీసిందేటే” అంది కుమారమ్మ.

“తిరగమంటోంది ఆంటీ” అంది అలేఖ్య పక్క నుంచి, మత్తుగా.

అప్పుడు వెలిగింది కుమారమ్మకు. బిడ్డను బోర్లా తిప్పే ముందు తను పిర్ర మీద తట్టే తట్టు ఇదే. ఆవిడ చేతికి ముతక గుడ్డ తొడుక్కుని రుద్దడం మొదలుపెట్టింది. నలుగుపిండి రాలినట్టు ఒంటి మీద నుంచి బూడిదరంగు పోగులు రాలాయి. ఆవిడ వాటిని ఏరి కుమారమ్మ కళ్ళ ముందు పెట్టింది, చూడు నీ సంగతి అన్నట్టు. కుమారమ్మకు రోషం వచ్చింది.

“అలేక్యా, చెప్పు ఆవిడకి. రోజుకి రెండుసార్లు పోసుకుంటాను నాను.”

“నాకు టర్కిష్ రాదాంటీ. నావి ఇంకా ఎక్కువ వచ్చాయి, ఊరుకోండి.”

తర్వాత సబ్బు. ఆవిడ దిండుగలీబు లాంటి గుడ్డను సబ్బునీళ్ళలో ముంచి, గాలి పట్టి పిండింది. మేఘమంత నురగ వచ్చి కుమారమ్మ మీద కూర్చుంది. మనిషి కనబడలేదు, నవ్వు మాత్రం వినబడింది. చెయ్యి పట్టి లేపబోతే అరుగు మీద సర్రున జారింది. అటు జారి అలేఖ్యకు తగిలింది, అలేఖ్య జారి ఇంకెవరో తెల్లావిడకు తగిలింది. ముగ్గురూ లేవలేక, లేవబోతే మళ్ళీ జారి, గుమ్మటం మారుమోగేలా నవ్వారు.

ఆఖరున ఆవిడ రాగిగిన్నెతో నీళ్ళు ముంచి పోసి, అయిపోయిందన్నట్టు చేతులు దులుపుకుంది. కుమారమ్మ కదల్లేదు. మన ఇళ్ళల్లో పండగ తలంటుకు ఆడవాళ్ళు వంతులు వేసుకుంటారు. వీపు రుద్దించుకున్న మనిషి రుద్దినదాని వీపు రుద్దకుండా లేచిపోతే తప్పు. ఇక్కడా అంతే అనుకుంది. ఆవిడ చేతి తొడుగు లాక్కుని తన చేతికి వేసుకుంది. భుజాలు పట్టి ఆవిడను అరుగు మీద కూలేసింది.

“కూకో. ఇప్పుడు నీ వంతు.”

ఆవిడ ఏదో అంది. లేవబోయింది. కుమారమ్మ తొడ మీద ఫెడీమని ఒకటిచ్చింది. ఆవిడ తెల్లబోయి, ఠక్కున తిరిగి పడుకుంది. రుద్దే మిగతా ఆడవాళ్ళు పనులాపి చుట్టూ మూగారు. ఒకామె చప్పట్లు కొట్టింది. మెడ నుంచి నడుము దాకా, వెన్నుపూస పక్కనే బొటనవేళ్ళు జార్చుకుంటూ కుమారమ్మ రుద్దుతుంటే ఆవిడ మూలిగింది, తర్వాత ఊరుకుంది, తర్వాత ఏదో పాట తీసింది. పోగులు రాలాయి. కుమారమ్మ వాటిని ఏరి ఆవిడ కళ్ళ ముందు పెట్టింది.

ఆ నవ్వులకు తెర అవతల టీ తాగుతున్నవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారట.

కడపటి గిన్నె నీళ్ళు ఆవిడ తల చుట్టూ తిప్పి దిష్టి తీసి పక్కకు విసిరింది కుమారమ్మ. పాపం, అవి ఆ తెల్లావిడ మీద పడ్డాయి. ఆమె కూడా ఇదేదో లెక్కలోదే అనుకుని చేతులు జోడించింది.

టీ దగ్గర ఒళ్ళు రుద్దేవాళ్ళందరూ కుమారమ్మను తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు. ఆమె కాళ్ళు చాచి, తువ్వాలును పాపలా చుట్టి, పిల్లలకు ఎలా పోస్తుందో చేసి చూపించింది. ఒళ్ళు రుద్దినావిడ కుమారమ్మ రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టి, తోటివాళ్ళకు ఏదో చెప్పింది. మాట అర్థం కాలేదు. తమ మనిషని చెబుతోందని మాత్రం తెలిసింది.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూనే కుమారమ్మ అలేఖ్య వైపు తిరిగింది. “చాందిని బారసాలకి నన్నెందుకు పిలవలేదమ్మా?”

కోపంగా అడగలేదు. ఇంకో టీ అడిగినట్టు అడిగింది. అలేఖ్య గ్లాసు కింద పెట్టేసింది.

“అత్తయ్య వద్దన్నారాంటీ. నీళ్ళు పోసేవాళ్ళని అందరితో కూచోబెట్టరంట.”

“నువ్వేటన్నావు?”

“ఏమీ అనలేదు.”

“నానూ ఏటీ అడగలేదులే. ఇద్దరికీ నోరు లేదు” అంది కుమారమ్మ. “ఇప్పుడు అడిగాను కదా. తొట్లో ఊగినప్పుడు ఏడ్చిందా, నవ్విందా?”

“ఏడ్చింది. మీకోసమే చూసింది ఆంటీ, నిజంగా.”

“చూడదూ మరి!” అంది కుమారమ్మ, చాలా సంతోషంగా.

బయటికి వచ్చేసరికి కౌశల్ చేతుల్లో పాప లేదు. అలేఖ్యకు ప్రాణం పోయినంత పనైంది. అతను ఎదురుగా తివాచీల కొట్టు చూపించాడు. లోపల మీసాల పెద్దమనుషుల చేతుల్లో చాందిని ఒడి మారి ఒడి మారి తిరుగుతూ, రొట్టెముక్క చప్పరిస్తోంది. “నా దగ్గర ఏడ్చింది, వాళ్ళు లాక్కున్నారు” అన్నాడు కౌశల్, తప్పంతా ఆ రొట్టెదే అన్నట్టు.

ఇదంతా కుమారమ్మ యీషున్‌లో తన ఫ్లాట్‌కు వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతోంది. చెప్పడం కాదు, డైనింగ్ టేబులే ఆ అరుగు అనుకోమని ఎక్కి పడుకుంటోంది. “మా, గెట్ డౌన్ లా, టేబుల్ విల్ బ్రేక్” అని శాంతి కింద నుంచి కాళ్ళు పట్టుకుని లాగుతోంది.

కిందటి వారం పక్క బ్లాకులో కావ్యశ్రీ కొడుకుకు నీళ్ళు పోయడానికి పిలుపు వచ్చింది. చేతికి నూనె తగలకముందే కుమారమ్మ అంది: “ఒక మాటమ్మా. బారసాలనాడు నాకూ ఒక కుర్చీ వెయ్యి. బిడ్డని తొట్లో వేసేటప్పుడు నానుండాలి.”

కావ్యశ్రీ కంగారుపడింది. “అమ్మనడిగి చెప్తానాంటీ” అంది. ఇంకా చెప్పలేదు.

ఈలోగా అలేఖ్య ఇక్కడి తెలుగు తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది: కుమారమ్మ ఆంటీని పిలవని బారసాలకి నేను రాను. ఆ గ్రూపులో పచ్చళ్ళ ఆర్డర్ల కోసం చేరిన తారాదేవి కూడా ఉందన్న సంగతి మరిచిపోయింది. కొందరు బొటనవేలు చూపించారు. కొందరు గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టి ఆ మాటను పైకి నెట్టేశారు. తారాదేవి ఇంతవరకు ఏమీ రాయలేదు. కుమారమ్మ మాత్రం నీలం చీరకు ఫాల్ కుట్టించుకుంది. పిలవకపోతే ఏం చేస్తావని శాంతి అడిగితే, “మళ్ళీ అడుగుతాను. నాకు అడగడం బాగానే వస్తోంది” అంది.

ఆమె ఒక్కతే ఎందుకు అడగాలి? ఇది చదివిన మీ ఇంట్లోనూ బిడ్డకు నీళ్ళు పోసిన చేతులుండే ఉంటాయి. అది సింగపూర్ కావచ్చు, సామర్లకోట కావచ్చు. ఈసారి బారసాల పిలుపులు మొదలుపెట్టే ముందు ఆ మనిషికి మీరే ఫోన్ చేయండి. పేరంటాళ్ళ మధ్య కూర్చోబెట్టండి, తొట్టె తాడు ఆమె చేతికివ్వండి. పెద్దవాళ్ళు వద్దంటే వాళ్ళ ముందే కారణం అడగండి. ఇక కావ్యశ్రీ కొడుకు బారసాల వచ్చే ఆదివారమే. వాళ్ళు తెలిసినవాళ్ళైతే, ఇవాళే ఆ ఇంటి బెల్లు కొట్టి, కుమారమ్మకు కుర్చీ వేశారా అని అడగండి.