సారు లేదన్నారంటే

గరుకు కాగితంతో రుద్దుతుంటే లేచే పాత రంగు పొడికి ఒక వాసన ఉంటుంది. తుప్పూ కిరోసినూ కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు సుందరరావు సారు గుర్తొస్తారు. గుర్తొస్తారని మర్యాదకు అంటున్నాను గానీ, నిజానికి వచ్చి గుండె మీద కూర్చుంటారు. నిజామాబాద్‌లో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆయన జీపు ఉంది. ఏటా ఎండలు ముదరకముందే తుప్పు పట్టిన చోటల్లా రుద్ది, మళ్ళీ బూడిద రంగు వేస్తాను. నడపని బండికి ఈ సోకులేమిటని వీధిలో వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. అది సోకు కాదని చెప్పాలంటే ఇదంతా చెప్పుకురావాలి.

బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో, చెరుకు విభాగంలో నేను చిన్న గుమాస్తాగా చేరాను. సారు అక్కడ చెరుకు ఇన్‌స్పెక్టర్. ఏ తోట పండిందో చూసి కోతకు పెట్టడం ఆయన పని. ఆకుపచ్చ జీపులో కాలువ గట్ల వెంట తిరిగేవారు. ఆ జీపు ఎవరి గట్టు దగ్గర ఆగితే వాళ్ళ తోటకు కోత దగ్గరపడ్డట్టే. చేరిన వారానికే నన్ను కుర్చీలోంచి లేపి, "ఆఫీసుల కూసుంటే చెరుకేం తెలుస్తది రూతమ్మా, ఎక్కు" అని జీపు ఎక్కించారు. ఎక్కడం వరకే అనుకున్నాను. కాలువ మలుపు దాటాక దిగి, అటు తిరిగొచ్చి, నన్ను స్టీరింగు ముందుకు జరగమన్నారు. నేను సూటిగా తీసుకెళ్ళి బురదలో దింపాను. ఆయన కోప్పడలేదు. నాలుగు చక్రాలూ ఒక్కసారే లాగే గేరు కర్ర చూపించి, "నువ్వే దింపినవు, నువ్వే ఎల్లదియ్యి" అని గట్టు మీద కూర్చుని చెరుకు ముక్క నమిలారు. ఎట్లాగో బయటకు తీశాను. ఆడపిల్ల జీపు నడుపుతోందని ఊళ్ళలో వింతగా చూశారు. నెల తిరిగేసరికి చూడటం మానేశారు.

ఆయన దగ్గర నాకు ఒంటబట్టని సంగతి ఒక్కటే ఉండేది. ఏ రైతు అడ్డం వచ్చి "సారూ, మా తోటకు కోత ఎప్పుడు" అని అడిగినా, "ఇంకేం లేదయ్యా" అనేవారు. ఒకసారి పొద్దున కోత ఉత్తర్వు సంతకానికి పంపి, మధ్యాహ్నం అదే రైతుతో ఏం లేదన్నారు. నాకు ఒళ్ళు మండి, "అబద్ధమెందుకు సారూ" అని అడిగేశాను.

"సంతకం పడ్డదా?" అన్నారు. "పడలే. పడేదాక లేనట్టే. ఆశ పెట్టుడు ఎంతసేపు రూతమ్మా? పెట్టినంక గుంజుకునుడు పాపం."

ఆ తోటలో మూడో నాటికి మహారాష్ట్ర నుంచి వచ్చిన కోత కూలీలు గుడిసెలు వేశారు. ఎప్పుడూ అంతే. అందుకే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక పరాచికం పుట్టింది: "సుందర్రావు సారు లేదన్నడంటే కొడవళ్ళు నూరుకోవాలె." ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. విని గలగలా నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఏడుపొస్తుంది.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. రేపు తెరుస్తారు, వచ్చే ఏడు తెరుస్తారు అనే మాటలు చాలా ఏళ్ళు నడిచాయి. చెరుకు వేసినవాళ్ళు వరికి మళ్ళారు. నేను నిజామాబాద్ పసుపు మార్కెట్లో రైతుల పంట కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాసే పనిలో కుదిరాను. సారు రిటైరైనట్టూ కాక, ఉద్యోగంలో ఉన్నట్టూ కాక మిగిలిపోయారు. ఒక రోజు తుక్కు వేలంలో ఆ జీపును చూశారట. ఇంజను బిగుసుకుపోయి, అడుగు రేకు ఊడిపోయి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టిన దాన్ని ఎడ్లబండికి కట్టి ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన భార్య సుగుణమ్మగారు నాతో అన్న మాట ఇది: "పెండ్లప్పుడు నన్ను గింత సంబురంగ తోల్కరాలే."

మెకానిక్ రహీం భాయ్ షెడ్డులో రెండేళ్ళు పట్టింది దానికి ప్రాణం పోయడానికి. ఇంజను విప్పి, సిలిండర్లకు బోరు కొట్టించి, రేడియేటరు మార్చి, దొరకని సామాను కోసం నాందేడ్ దాకా పోయి వచ్చారు. సెలవు రోజుల్లో నేనూ వెళ్ళి నట్లు కిరోసిన్‌లో కడిగేదాన్ని. చివరకు రంగు దగ్గర పేచీ వచ్చింది. "తెల్లరంగు ఏద్దాం సారూ, దుల్హన్ లెక్క మెరుస్తది" అన్నాడు రహీం భాయ్. సారు ఒప్పుకోలేదు. "దాని రంగు దానిదే భాయ్. ఆకుపచ్చనే" అన్నారు. ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే: ఆ జీపులో కోయంబత్తూరు పోయి రావాలి. మా వైపు పండిన మంచి చెరుకు రకాలన్నీ అక్కడి పరిశోధన కేంద్రంలోంచే వచ్చాయి. "ముప్పై ఏండ్లు ఆ పేరు చెప్పుకుంట బతికిన, ఒక్కసారి కూడ మొఖం సూడలే" అనేవారు.

జనవరిలో బయలుదేరాం. ఆయన, నేను, వెనక సీట్లో సద్దిమూటలతో సుగుణమ్మగారు. రహీం భాయ్ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. సారు బానెట్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. పెద్ద రోడ్డు వదిలి కాలువ గట్టు దారి పట్టారు. పాత ఊళ్ళు ఒకసారి చూసుకుంటూ పోదామని. మొదటి ఊరి దగ్గరే ఒక ముసలావిడ చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. రెండో ఊళ్ళో హోటల్ ముందు కూర్చున్నవాళ్ళు బిలబిలా వచ్చి చుట్టుకున్నారు. "సారూ, ఫ్యాక్టరీ సురూ అయితున్నదా?" అని ఒకటే అడగడం. "లేదయ్యా, ఊరికే పోతున్నం" అన్నారాయన. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. పాత అభిమానం అనుకున్నాను నేను. ఆయన మొహం కూడా వెలిగిపోయింది.

కొత్తగా బాగుచేసిన ఇంజను కదా, వేడెక్కింది. నీళ్ళ కోసం ఆపిన చోటు గంగారాం గట్టు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల అందరికంటే బాగా చెరుకు పండించినవాడు. వరి నాటుకోసం మడి తడుపుతున్నవాడల్లా పార పడేసి పరిగెత్తుకొచ్చాడు. బోరు నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి తనే రేడియేటరులో పోశాడు.

"ఏమన్న ఉన్నదా సారూ?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఏం లేదు గంగారాం. కోయంబత్తూరు పోతున్నం, గంతే."

గంగారాం అర్థమైనట్టు తల ఊపాడు. సారుకు దండం పెట్టాడు. జీపు మలుపు తిరిగేదాకా బిందె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఆ ప్రయాణమంతా ఆయన జీవితంలో మిగిలిన సంతోషం. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, బెంగళూరు. లారీలన్నీ మమ్మల్ని దాటిపోతుంటే ఆయన ఎడమ పక్కన నింపాదిగా పోనిచ్చేవారు. ఘాట్ ఎక్కేటప్పుడు నన్ను నడపమని, తను ఇంజను చప్పుడు వింటూ కూర్చునేవారు. "పోయి పోయి చెరుకు గడలు సూసొచ్చుడేనా" అని సుగుణమ్మగారు దారి పొడుగునా సతాయించారు. అక్కడికి చేరాక సారు చెప్పులు విడిచి మడిలోకి దిగారు. వరసకొక బోర్డు, బోర్డుకొక రకం. ఒక పనివాడు గడ విరిచి ఇస్తే నమిలి, "మన నేలల ఇది మంచిగొస్తది" అన్నారు. విత్తనం ముక్కలు తీసుకెళ్తారా అని అతను సైగ చేసి అడిగాడు. సారు తల అడ్డంగా ఊపారు. "తీస్కపోయి ఏడ పెడుత రూతమ్మా" అన్నారు నాతో.

రెండు వారాల తర్వాత తిరిగి వస్తూ మళ్ళీ అదే గట్టు దగ్గర ఆగాం. వరి మడి లేదు. ఉన్న పొలమంతా చాళ్ళుగా బోదెలు తీసి, చెరుకు విత్తనం ముక్కలు నాటి, నీళ్ళు పారిస్తున్నాడు గంగారాం. సరిహద్దు అవతల మహారాష్ట్ర నుంచి విత్తనం తెచ్చుకున్నాడట.

"ఎందుకేసినవ్ గంగారాం? ఏం లేదని చెప్పిన గద!" సారు జీపులోంచే కేకవేశారు.

"మీరు లేదన్నరు గద సారూ" అన్నాడతను నవ్వుతూ. "మీరు లేదన్నప్పుడల్ల అయింది. బండి నా గట్టుకాన్నే ఆగె. విత్తనం జాగకు పోతున్నమంటిరి. ఇంకేం చెప్పాలె?"

సారు దిగి ఆ బోదెల్లోకి నడిచారు. గంగారాం చేతులు రెండూ పట్టుకుని, "నీ కాళ్ళు మొక్కుత, దున్నెయ్యి. వరి నాటు ఎల్లిపోలే ఇంక" అన్నారు. అంత మనిషి తన చేతులు పట్టుకునేసరికి గంగారాం కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, నమ్మకం మాత్రం పోలేదు. ఎంత పెద్ద సంగతి అయితే సారు అంత గట్టిగా లేదంటారని అతని లెక్క. జీవితమంతా ఎవరికీ ఆశ పెట్టని మనిషి ఆ పొలంలో తన మాట తనకే అడ్డం తిరిగి నిలబడటం నేను చూశాను.

ఆ తోట ఎట్లా పెరిగిందంటే, పాపిష్టిది, పగబట్టినట్టు పెరిగింది. సారు వారం వారం వెళ్ళి చూసేవారు. కోత కాలం వచ్చేసరికి జీపు వేసుకుని దూరపు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగారు. కొన్ని చోట్లకు నేనే నడిపాను. వాళ్ళ రైతుల చెరుకే వాళ్ళకు ఎక్కువైందన్నారు. ఒక్క రైతు తోట కోసం అంత దూరం లారీలు పంపలేమన్నారు. మా వైపు బెల్లం గానుగలు ఎప్పుడో పోయాయి. రసం బండ్ల వాళ్ళు నాలుగు మోపులు తీసుకుపోయారు. తోట పూతకొచ్చింది. గడలు బెండుబారాయి. ఎండాకాలం మొదట్లో, పట్టపగలు, గంగారాం తన చేత్తోనే నిప్పు పెట్టాడు.

మేము వెళ్ళేసరికి సగం కాలిపోయింది. సారు జీపు దిగలేదు. కాలిన చక్కెర వాసన ఊళ్ళ మీదికి పోయింది. అది అచ్చం ఫ్యాక్టరీ నడిచే రోజుల వాసన. పక్క ఊరి జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి, ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు చూశారని తర్వాత విన్నాం. గంగారాం మా దగ్గరకు వచ్చి, "మీ తప్పేం లేదు సారూ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడే సారు రహీం భాయ్ షెడ్డుకు వెళ్ళి బూడిద రంగు వెయ్యమన్నారు. ఆ తర్వాత సారు దాన్ని ఎక్కలేదు. ఇంట్లోంచి బయటికి రావడం కూడా తగ్గిపోయింది. ఎవరైనా ఏదైనా అడిగితే అవుననీ కాదనీ అనేవారు కాదు. రెండు వానాకాలాలు గడిచాక పోయారు. సమాధి దగ్గర గంగారాం అందరికంటే చివర నిలబడి, అందరూ వెళ్ళాక మట్టి వేశాడు. "దీన్ని నా కండ్ల ముందట ఉంచకు బిడ్డా" అని సుగుణమ్మగారు జీపు తాళం నా చేతిలో పెట్టారు.

మొన్న ఆదివారం బానెట్ రుద్దుతుంటే, బూడిద రంగు లేచిపోయి చెయ్యంత మేర ఆకుపచ్చ బయటపడింది. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. గంగారాం. కళ్ళు చూపించుకోవడానికి ఊరి నుంచి వచ్చాడట. మంచినీళ్ళు తాగి, జీపు దగ్గరకు వచ్చి, కళ్ళు చికిలించి, ఆ ఆకుపచ్చ చోటు మీద వేళ్ళు ఆనించాడు. పొలం కౌలుకిచ్చేశాడు. ఒంట్లో సత్తువ లేదు. అయినా వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమన్న ఉన్నదా బిడ్డా?"

లేదు అనబోయి ఆగిపోయాను. ఆ మాట ఆ చెవిలో ఏమవుతుందో నాకు తెలుసు. ఉన్నదని అనలేను. మార్కెట్లో రోజూ రైతులు రేటు పెరుగుతుందా అక్కా అని అడిగినప్పుడు కూడా నా నోరు ఇట్లాగే పడిపోతుంది. సారు నాకు నడపడం నేర్పారు, ఆగిన బండిని బురదలోంచి తీయడం నేర్పారు. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం ఆయనకూ దొరకలేదు. నేను డబ్బా మూత తీసి, కుంచె ముంచి, ఆ ఆకుపచ్చ మీద బూడిద రంగు పూయడం మొదలుపెట్టాను. "చాయ్ పెడుత బాపూ, కూసో" అన్నాను.

అతను కూర్చోలేదు. ఆకుపచ్చ పూర్తిగా మునిగిపోయేదాకా నా చెయ్యి వైపే చూశాడు. తర్వాత మెల్లగా తల ఊపాడు. ఆ బోదెల్లో నవ్విన నవ్వే మళ్ళీ నవ్వాడు.

"మంచిది బిడ్డా" అన్నాడు. "నేనెవ్వలకు చెప్ప."