ఎర్ర డబ్బా, నల్ల సందులు

మా బాపు సిరిసిల్లలో సాంచ నడిపేవాడు. మర మగ్గాన్ని మా దగ్గర సాంచ అంటాం. ఆ చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. ఆయన పక్కనే పని నేర్చుకున్న నాకు ఆ పని కళ్లలోకి ఎక్కింది. గుడ్డలో సన్నటి సందు కనబడిందంటే పోగు తెగినట్టే. చెయ్యి దానంతటదే పిడి మీదికి పోయి సాంచను ఆపేస్తుంది. ఆలోచిస్తూ కూర్చుంటే గుడ్డ ఖరాబవుతుంది.

సాంచల పని సన్నగిల్లాక, గల్ఫ్‌లో క్రేన్ నడిపే పనికి ట్రయల్ ఉందంటే జగిత్యాల పోయాను. బాపు వెంట వచ్చాడు. అక్కడ క్రేన్ లేదు, గదిలో ఒక కుర్చీ ఉంది. కూర్చోబెట్టి తలకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించారు. అందులో ఓడరేవు, నేను క్రేన్‌తో ఎత్తాల్సిన పెద్ద ఎర్ర కంటైనర్ డబ్బా. ఆకాశం వరకు ఫర్వాలేదు. ఎర్ర డబ్బా దగ్గరికి వచ్చేసరికి దాని నిండా నల్ల సందులు, అంచంతా పీచుపీచుగా ఉంది. నా చెయ్యి ఆగలేదు, స్టాప్ మీట నొక్కేశాను. డబ్బా గాల్లోనే ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టించారు. మళ్లీ నొక్కాను.

"గింత భయమైతే గల్ఫ్ ఎట్ల పోతవ్ తమ్మీ?" అన్నాడు ట్రయల్ తీసే ఆయన.

"భయం కాదు సార్, బొమ్మల సందులున్నయ్."

ఆయన నవ్వాడు. బాపు చెవి దగ్గర నోరు పెట్టి మరీ అరిచాడు. "పెద్దమనిషీ, మీవోడు భయపడ్డడే!" వరసలో ఉన్నవాళ్లందరూ విన్నారు. ఆ అరుపు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు కోరుట్లలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాను. ఒకనాడు మైక్రోస్కోప్ కింద ఒక తెర పెడితే నా సందులు నాకు మళ్లీ కనబడ్డాయి. తెర మీద చుక్క అంటే నిజానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం బుల్లి దీపాలు. కొన్ని తెరల్లో ఆకుపచ్చవి ఎన్నుంటాయో ఎర్రవి, నీలివి అందులో సగమే పెడతారు. చేతిలో ఫోన్ అయితే ఎవరికీ తెలియదు. హెడ్‌సెట్‌లోలా అదే తెరను కళ్ల ముందుకు తెచ్చి మధ్యలో భూతద్దం పెడితే ఆ పిసినారితనమంతా బయటపడుతుంది. ఎర్ర బొమ్మకు వెలిగేవి ఎర్ర దీపాలే. అవే తక్కువ, మిగిలిందంతా నలుపు. మూడు రంగులూ సమానంగా, దగ్గర దగ్గరగా పేర్చిన తెర అయ్యుంటే నేను ఆ మీట ముట్టేవాణ్ణే కాదు. ఎవడో దీపాలు మిగుల్చుకున్నందుకు నేను పిరికివాణ్ణయ్యాను.

చుట్టాలు అడిగినప్పుడల్లా బాపు ఒకటే మాట చెప్పేవాడు. "మావోనికి ధైర్నం లేదు."

మొన్న ఆయన దుకాణానికి వస్తే పట్టుబట్టి కూర్చోబెట్టాను. అలాంటి తెరే ఉన్న పాత ఫోన్‌లో ఎర్ర బొమ్మ పెట్టి మైక్రోస్కోప్‌లో చూడమన్నాను. వంగి చూశాడు. ఒక్కసారిగా ఆయన చెయ్యి బల్ల అంచున పిడి కోసం తడుముకుంది.

"గిదేందిరా, పోగులన్ని తెగినయ్! సాంచ బంజెయ్!"

"ఆనాడు నేనూ గదే జేసిన బాపూ!" అని చెవిలో అరిచాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఈసారి నా మాట ఆయనకు బాగానే వినబడింది.

"నువ్వు భయపడ్డవ్ గదరా," అన్నాడు.