సైరన్ వినగానే పొయ్యి వెలిగించే పెద్దమ్మ

యుక్రెయిన్‌లో డాక్టర్ చదువు చదివినన్నాళ్లూ నన్ను సాకింది మా హాస్టల్లో వంట చేసే పెద్దామె. పెద్దమ్మా అనే పిలిచేదాన్ని. సెలవులొస్తే వాళ్ల ఊరికి తీసుకుపోయేది. చిన్న బొగ్గు గనుల పట్నం. చుట్టూ చదునైన గడ్డి మైదానం, అందులో నల్లటి గుట్టలు. "గుట్టలు భలే ఉన్నాయే!" అంటే పెద్దమ్మ పడీపడీ నవ్వింది. మన హనుమకొండ గుట్టల్లా దేవుడు పెట్టినవి కావవి. గనిలోంచి తోడిన రాళ్లూ మట్టీ పోసీ పోసీ పెరిగినవి.

మొదట అక్కడ ఉన్నది రైల్వే స్టేషను, నాలుగు గుడిసెలేనట. బొగ్గు బయటపడ్డాక గని వచ్చింది, గని కోసం కాలనీ, కాలనీ కోసం బడి, దవాఖాన. సోవియట్ దేశం పోయాక గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇదంతా ఫోన్లో చెబితే మా అమ్మ తేలిగ్గా తీసిపారేసింది.

"గిది మన భూపాలపల్లే గదనే! దీన్ని జూడనీకి విమానమెక్కి పోవాల్నా?"

మా నాన్న గని కార్మికుడు. నేను పెరిగింది భూపాలపల్లి గని కాలనీలోనే. రెండు చోట్లా ఆడవాళ్లకు సైరనే గడియారం. షిఫ్టు అయిపోయిన సైరన్ వినగానే అమ్మ ఎసరు పెట్టేది, అక్కడ భర్త గనిలో పనిచేసినన్నాళ్లూ పెద్దమ్మ సూప్ గిన్నె పొయ్యి మీదికి ఎక్కించేది.

నాన్న పోయాక అమ్మ హనుమకొండ సుబేదారిలో నా దగ్గరే ఉంటోంది. యుద్ధం మొదలైనప్పటి నుంచి ప్రతి ఆదివారం వాళ్ల ఊళ్లో ఉన్న పెద్దమ్మకు వీడియో కాల్ చేస్తున్నాం. మొన్న మాట్లాడుతుంటే అక్కడ సైరన్ మోగింది. ఇప్పుడది బాంబుల సైరన్, వెంటనే నేలమాళిగలోకి దిగాలి. పెద్దమ్మ లేచి వెళ్లి పొయ్యి వెలిగించింది! నాకు భయంతో పాటు కోపమూ వచ్చింది. గట్టిగా తిట్టాను.

"చేతులు వాటంతటవే పోతాయే, ఏం చెయ్యను? అయినా నేల కిందికి దిగడం మగవాళ్ల పని. నేను దిగను" అంది.

అమ్మకు చెబితే ఫోన్ లాక్కుంది.

"అక్కా, గిన్నె గూడ పట్టుకొని దిగు. కింద కూసోని తిను. మనోళ్లు డ్యూటీల గట్లనే తినలేదా? జర జల్ది పో!"

నేను వాళ్ల భాషలో చెప్పాను.  పెద్దమ్మ పొయ్యి ఆర్పి, గిన్నె పట్టుకొని మెట్లు దిగింది. కింద సిగ్నల్ అందదు, కాల్ కట్టయింది.

కంచాల్లో అన్నం పెట్టాను. అమ్మ ఫోన్ పట్టుకొని కుర్చీలోంచి కదల్లేదు.

"తినరాదే అమ్మా. ఆమెనే ఫోన్ జేస్తది."

"మనిషి కిందున్నది బిడ్డా. పైకొచ్చినంక తింట."

నాన్న గనిలో షిఫ్టుకు దిగినప్పుడల్లా అమ్మ ఈ మాటే అనేది. నేను కంచాల మీద మూతలు పెట్టి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.