ఎనుముల ముందు నడిచిన మా అత్త

మా అత్త పోయింది. మా నాన్నకు అక్క. మొన్న పొద్దున పాలు పిండి, చెంబు మా అమ్మ చేతికిచ్చి, కళ్ళు తిరుగుతున్నాయంటూ పాక గోడకు ఆనుకుంది. అమ్మ కాఫీ తెచ్చేలోపల అయిపోయింది. మద్రాసు వాషర్‌మెన్‌పేటలో ఆమె పోసిన పాలు తాగి పెరిగిన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళూ వచ్చారు, వాళ్ళ తల్లులూ వచ్చారు. తమిళంలో ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, తెలుగులో ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. నాకు మాత్రం ఏడుపు సరిగ్గా రాలేదు. అప్పటినుంచీ ఇంట్లో ఒకచోట నిలవలేకపోతున్నాను. ఇది రాయడానికి కూర్చుని కూడా ఎన్నిసార్లు లేచానో.

ఈ గుణం ఆమెదే. పోతూపోతూ నాకు అంటించినట్టుంది. కాలు కాలిన పిల్లి అనేది అమ్మ ఆమెను. పాకలో ఎనుముల్ని ఇవాళ ఒక మూల కడితే రేపు ఇంకో మూలకు మార్చేది. గుంజలు పీకడం, మళ్ళీ పాతడం. మేం గేదెలను ఎనుములనే అంటాం. రెండే ఉండేవి ఆమెకు. ఆ రెంటికీ పాకలో ఆమె కట్టని చోటు లేదు. “ఎందుకు వదినా ఈ తిప్పలు?” అని అమ్మ అడిగితే, “పాలు కావాలంటే పోయించుకో, బోధ మాత్రం చెప్పొద్దు మే” అనేది. ఆడవాళ్ళను ‘మే’ అని పిలవడం మా వైపు అలవాటు.

పశువులు కాసేవాళ్ళు ఎవరైనా మంద వెనక నడుస్తారు. మా అత్త ముందు నడిచేది. వెదురుకర్రతో నేలను పొడుచుకుంటూ, అనుమానం వచ్చినచోట మడమతో దబదబా తన్ని చూసుకుంటూ పోయేది. వెనక రెండు ఎనుములు తలలూపుకుంటూ వచ్చేవి. మా వీధి మొనలో టీ కొట్టతను రోజూ ఆటపట్టించేవాడు.

“ఏమ్మా, నువ్వు ఎనుముల్ని మేపతావా, అవి నిన్ను మేపతాయా?”

“ఎవరు ఎవర్ని మేపితే నీకేందిరా? నా పాలల్లో నువ్వు కలిపే నీళ్ళు తగ్గించు ముందు!”

అతనూ నవ్వేవాడు, ఆమె కూడా నవ్వేది. రాళ్ళు పరిచిన రోడ్డు మీద కూడా కర్ర మాత్రం ఆగేది కాదు.

ఎందుకో చెప్పాలి. గూడూరు అవతల మా నాన్నవాళ్ళ ఊరు. ఆ చుట్టుపక్కలంతా కాకిబంగారం గనులు, అదే అభ్రకం. అద్దంలా మెరిసే ఆ రేకుల కోసం ఊరి మేతబీడు కిందికి కూడా సొరంగాలు తవ్వుకుంటూ వచ్చారట. పైన ఆవులు మేస్తుంటే కింద మనుషులు తవ్వుతుండేవాళ్ళు. మొదట బీట్లో నెర్రెలు వచ్చాయి. ఎండకు వచ్చినవేలే అనుకున్నారు. వానలు పడ్డా అవి పూడలేదు. పడ్డ వాననంతా ఆ నెర్రెలే తాగేశాయి, గడ్డి మొలవడం తగ్గింది. నెర్రెల్లో ఇరుక్కుని దూడల కాళ్ళు విరిగాయి. తర్వాత నేల అక్కడక్కడా తాంబాళంలా కుంగింది. ఊరివాళ్ళు పోయి అడిగితే, కింద ఏమీ లేదు, భయపడకండి అన్నారట గనివాళ్ళు.

కుంగినచోట నీళ్ళు చేరతాయి. బీడంతా ఎండిపోయినా అక్కడ మాత్రం గడ్డి పచ్చగా ఉంటుంది. ఎండాకాలంలో పచ్చన కనబడితే గొడ్లవాడికి కాలు ఆగుతుందా? గంగమ్మ తల్లి ఇచ్చింది అనుకుని మా మామ, అంటే అత్త మొగుడు, మందను అటు తోలాడు. మందలో ముందు నడిచే ఆవు పలుపును మణికట్టుకు చుట్టుకోవడం వాళ్ళకు అలవాటు. ఆవు కాలు పెట్టినచోట నేల విరిగింది. ఆవు కింది సొరంగంలోకి పోయింది, పలుపుతోపాటు మనిషీ పోయాడు. పైకి తీసేసరికి ఇద్దరూ ఒకే తాడున ఉన్నారు.

అత్త ఈ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది. “గడ్డి చూసినాము మే, నేల చూళ్ళా” అంది. మామ పోయాక ఆవుల్ని అయినకాడికి అమ్మేసి, రెండు ఎనుముల్ని తోలుకుని నడుస్తూ మద్రాసు చేరింది. అప్పటినుంచే ముందు నడవడం.

వానలు తప్పిన ఏడు ఒకటి వచ్చింది. ఎండుగడ్డి బంగారమైపోయింది. ఎనుముల పక్కటెముకలు బయటపడ్డాయి. అందులో ఒకటి చూడిది. నాన్న తిరిగి తిరిగి మద్రాసు శివారు మనలిలో ఒక ఆసామి బీడు సంపాదించాడు. మేపుకోండి, పేడ మాత్రం నా పొలానికి వదలండి అన్నాడు ఆ పుణ్యాత్ముడు. అందరం కలిసి ఎనుముల్ని అక్కడికి చేర్చాం. చూస్తే బీడంతా మాడిపోయి ఉంది. నడుమ ఒక పల్లం మాత్రం, అబ్బ, పచ్చగా నిగనిగలాడుతోంది!

అత్త ఎనుముల్ని దూరంగా తుమ్మచెట్టుకు కట్టేసింది. అవి గడ్డి వాసనకు తాళ్ళు తెంచుకునేలా గుంజుతున్నాయి. నాన్న కొడవలి తీసుకుని గడ్డి కోసుకొస్తానని దిగబోతే చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. చొక్కా చినిగింది.

“అక్కా, ఇది మనలి! ఈడ గనులు యాడివి? ఎప్పుడో ఇటుకలకు మట్టి తీసిన గుంట ఇది. కిందంతా బంకమన్నే.”

“ఆడ గూడా కింద ఏం లేదనే చెప్పినార్రా.”

నాన్న కొడవలి పక్కన పెట్టేశాడు. అత్త తుమ్మకాయలు రాల్చి, గట్ల మీద ఎండుపోచలు గీకి నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. చూడి ఎనుము లేవడం మానేసింది. ఎక్కడ వాసన పట్టాడో గాని కసాయి బేరగాడు వచ్చి, దాని చుట్టూ తిరిగి, తోక ఎత్తి చూసి, రేపు బండి తెస్తానని పోయాడు. ఆ ఎనుములు పోతే ఆమెకు ఏం మిగిలినట్టు? పిల్లలా జెల్లలా? అమ్మ నెత్తి కొట్టుకుని, “ముందు నుయ్యి వెనక గొయ్యి అయిపోయిందే మన బతుకు!” అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది.

అత్త అమ్మవైపు చూసింది.

“గొయ్యి చూసేసినాను గదా మే. నుయ్యి గూడా చూసేస్తా, సరిదా?” అని కర్ర తీసుకుంది.

నాన్న పరిగెత్తిపోయి తాడు తెచ్చాడు. నడుముకు కట్టుకోమని బతిమాలాడు. ఆమె తాడు లాక్కుని అవతల పారేసింది.

“పోతే నేను పోతా. నిన్నెందుకురా లాక్కపోవాల? నువ్వు పోయి ఎనుముల్ని పట్టుకో.”

దిగింది. ఒక్కో అడుగూ పొడిచి, తన్ని, చెవి ఒగ్గి విని మరీ వేసింది. మడమల దాకా బురద. నడుమకు చేరాక కర్ర పారేసి రెండు కాళ్ళతో ఎగిరి ఎగిరి దూకడం మొదలుపెట్టింది. దూకుతూ మామను తిట్టింది. “చూస్తుండావా? కండ్లుండాయా నీకు? ఈ మాత్రం తన్ని చూసేదానికి ఏమయ్యిందయ్యా నీకు ఆ పొద్దు?” అని ఎలుగెత్తి ఏడ్చింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేనూ ఏడ్చాను. నేల మాత్రం కదల్లేదు.

“తోలుకురారా తమ్ముడా!” అని కేక పెట్టింది చివరికి.

నాన్న తాళ్ళు విప్పాడు. ఒకటి దూకినట్టే పోయింది. చూడిదాన్ని నేనూ నాన్నా రెండు పక్కలా పట్టి లేపాం. అది తూలుతూ దిగి మోరంతా గడ్డిలో పెట్టింది. పరపరమని మేస్తున్న చప్పుడు గట్టు మీదికి వినపడింది. ఇక ఆమె గట్టెక్కుతుందని చూశాం. ఎక్కలేదు. ఎనుముల పక్కనే, ఆ తడి గడ్డిలోనే, ఒత్తిగిలి పడుకుంది. అమ్మ అన్నం గిన్నె పట్టుకుని దగ్గరికి పోయి, నోటి మీద వేలు వేసుకుని తిరిగొచ్చింది. మేం గట్టు మీద కూర్చున్నాం. అత్త చెంప నేలకు ఆనించి, చెయ్యి బారజాపి, పొద్దు వాలేదాకా నిద్రపోయింది.