నిలబడిన బండి తాగిన పెట్రోలు

యాదమ్ మా ఊరి బడిలో గదులను వెచ్చగా ఉంచే బాయిలర్ మండిస్తాడు. యాభై నాలుగేళ్లవాడు. పారతో ఎత్తేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి బొగ్గులో తేమ ఎంతుందో చెబుతాడు. నేను అదే వీధిలో బండ్లు బాగుచేస్తాను. మా ఇద్దరికీ పని ఎవరూ నేర్పలేదు. చేతులు కాలి, వేళ్లు నలిగి నేర్చుకున్నదే. అందుకే ఒకరి మాట ఒకరం వింటాం.

అతని భార్య పగ్మాకు మూత్రపిండాలు రెండూ పోయాయి. మంగళ, గురు, శనివారాల్లో జిల్లా కేంద్రం ఆస్పత్రిలో నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రం మీద ఉండాలి. అది మాకు అరవై రెండు కిలోమీటర్లు. అక్కడే ఉండిపోదామంటే నా అన్నవాళ్లు లేరు. ఇక్కడ బాయిలర్ దగ్గర యాదమ్ కాక ఇంకొక్కడే ఉన్నాడు. ఒక్క రాత్రి నిప్పు ఆరితే బడి గొట్టాలన్నీ గడ్డకట్టి పగులుతాయి. కాబట్టి వారానికి మూడుసార్లు వెళ్లి రావలసిందే. మూడు వందల డెబ్బై రెండు కిలోమీటర్లు.

జపానులో ఎవరో వాడి వదిలేసిన టయోటా ప్రియస్ కారు, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచేది, ఒకటి యాదమ్‌కు ఉంది. పెట్రోలు దొరికినన్నాళ్లు ఈ లెక్క ఎవరికీ పట్టలేదు. ఆ శీతాకాలం సరిహద్దు అవతలి నుంచి రావలసిన పెట్రోలు రాలేదు. బండికి వారానికి ఇరవై లీటర్లన్నారు. సోమవారం బంకులో పోస్తారు. ఆ వారం కిలోమీటర్ల మీటరు తిరగని బండికి పోయరు, డబ్బాలో అసలే పోయరు. ఇరవై లీటర్లతో మూడు ప్రయాణాలు కావాలంటే లీటరుకు పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల పైన రావాలి. మైనస్ ముప్ఫై చలిలో అతని బండి పద్నాలుగిస్తోంది. అంటే మంగళవారం, గురువారం సరిపోతుంది. శనివారం వెళ్లేదారిలోనే సగంలో ఆగిపోతుంది.

మొదటి శనివారం నా జీపులో ఉన్నదంతా తీసి ఇచ్చాను. రెండో శనివారం ఎవరి దగ్గరా లేదు. పగ్మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆదివారానికి ఆమె కాళ్లు ఒత్తిన ఉన్నితో చేసిన ఫెల్ట్ బూట్లలో పట్టలేదు. పడుకుంటే ఊపిరి ఆడక, గెర్ గుడారం మధ్య స్తంభానికి వీపు ఆనించి తెల్లవార్లూ కూర్చుంది. మంగళవారం డాక్టరమ్మ యాదమ్‌ను పక్కకు పిలిచింది.

"ఇంకోసారి ఇలా చేస్తే ఆ మంచం ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది, అన్నా," అంది.

ఆమె ఏమన్నదో అతనికి అర్థమైంది.

ఆ వారం సోమవారం నుంచే అతను మైలేజీ మీద పడ్డాడు. వెనకున్న సామానంతా ముందురోజే దింపేశాడు. చలికి మెత్తబడిన టైర్లలో గాలి కొట్టించాడు. ఇంజను త్వరగా వేడెక్కాలని ముందు జాలీకి ఫెల్ట్ ముక్క బిగించాడు. డెబ్బై దాటలేదు. వాలులో పెడల్ మీంచి కాలు తీసి, ఆ దొర్లుడుతోనే బ్యాటరీ నింపుకున్నాడు. కనుమ మీద అందరూ మొక్కే ఓవో రాళ్లగుట్ట దగ్గర దిగి మూడుసార్లు చుట్టూ తిరగనిదే ముందుకు పోని మనిషి, ఇప్పుడు ఆగకుండా మూడు హారన్లు కొట్టి సాగిపోయాడు.

"కొండదేవుడి దగ్గర కూడా మైలేజీయేనా?" అంది పగ్మా.

"ఎత్తులో ఆగి లేస్తే ఎంత తాగుతుందో ఆయనకు తెలుసులే. రోజూ చూస్తున్నాడుగా."

చివరికి హీటరు కట్టేశాడు. పగ్మా వెనక సీట్లో రెండు పొడవాటి గొర్రెతోలు అంగీలు, డేల్‌లు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని ముడుచుకుని కూర్చునేది. ఆమె ఊపిరి అద్దం లోపలివైపు మంచై పేరుకునేది. అతను ఒక చేత్తో అద్దం గీకుతూ నడిపేవాడు.

బండి తెరమీద అన్నీ జపాను రాతలే. అంకెలు మాత్రం అందరివీ. బయలుదేరేముందు సున్నా చేసేవాడు. ఆస్పత్రి చేరగానే తెర చూపిన మైలేజీని బడి నోటుబుక్కులో రాసేవాడు. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ సున్నా చేసి, ఇంటి దగ్గర మళ్లీ రాసేవాడు. 18.9, 19.2, 18.8, 19.1. ఈసారి గెలిచామనుకున్నాడు.

గురువారం సాయంత్రం నా షెడ్డుకు వచ్చాడు.

"ట్యాంకుకు చిల్లు పడింది, తమ్ముడూ. లేదా ఎవడో పీలుస్తున్నాడు."

కింద దూరి చూశాను. తడి లేదు, వాసన లేదు. గొట్టం పెట్టి ఉన్నదంతా డబ్బాలోకి తీసి కొలిచాం. ఆరున్నర లీటర్లు. పోయిన శనివారం వెళ్లక మిగిలిన రెండు లీటర్లూ కలిపితే, నోటుబుక్కు ప్రకారం తొమ్మిది ఉండాలి. శనివారానికి ఆరున్నరే కావాలి, అదీ దారిలో ఒక్క చుక్క ఎక్కువ తాగకపోతే. నా జీపు అప్పటికే ఎండిపోయి ఉంది, మీటరు తిరగని దానికి బంకులో పోయరు.

నోటుబుక్కు ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చూశాను. శుభ్రంగా రాశాడు. తప్పు దొరకలేదు. డబ్బాలోది మళ్లీ ట్యాంకులో పోస్తూ అడిగాను.

"వదిన యంత్రం మీదున్నంతసేపూ నువ్వేం చేస్తావు?"

"బండిలో కూర్చుంటాను."

"ఇంజను కట్టేసేనా?"

నాకు పిచ్చెక్కిందేమో అన్నట్టు చూశాడు. "చలికాలం బయట నాలుగు గంటలు కట్టేస్తారా ఎవరైనా? మళ్లీ లేస్తుందా? పైగా తను బయటికొచ్చేసరికి ఒళ్లు వణుకుతూ ఉంటుంది. కనీసం లోపల వెచ్చగా ఉండొద్దూ?"

"ఆ నాలుగు గంటలు ఇందులో ఎక్కడ రాశావు?"

"ఏం రాయను? కిలోమీటర్లు తిరగలేదుగా."

ఆ మాట అని ఆగిపోయాడు. మా ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు. నడిస్తేనే లెక్క. నిలబడిన బండికి లెక్కేమిటి? కానీ హీటరు వేసి నిలబెడితే ఆ బండి ఊరుకోదు. కొద్దిసేపటికోసారి ఇంజను దానంతటది లేచి, వేడి చేసుకుని పడుకుంటుంది. గంటకు పావు లీటరు పైనే. రెండు రోజులకు ఎనిమిది గంటలు. పోయిన పెట్రోలు అక్కడ దొరికింది.

"ఇంకోటి," అన్నాను. చెప్పక తప్పలేదు. "దారిలో డెబ్బైలో పోతున్నప్పుడు ఇంజను ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. దాని వేడి ఎలాగూ బయటికి పోతుంది. అది వేడెక్కాక హీటరు వేస్తే నీకు పోయేది దాదాపు ఏమీ లేదు."

యాదమ్ నోటుబుక్కు తీసుకుని మూశాడు. దారిలో ఆమెను గడ్డకట్టించి మిగిల్చిందంతా, ఆమె కోసమని ఖాళీ బండిలో మండించాడు.

శనివారం ఆస్పత్రి ఆవరణలో బండి కట్టేసి, ఇంజను మీద మందపాటి ఫెల్ట్ దుప్పటి కప్పాడు. మిగిలిన భయం బండిని లేపే చిన్న బ్యాటరీ. అది గడ్డకడితే మీట నొక్కినా బండి పలకదు. అది వెనక సామాను పెట్టెలో ఉంటుంది. దాన్ని విప్పాక ఆ తలుపు మూస్తే మళ్లీ తెరవడానికి కరెంటు ఉండదు. నేను చెప్పినట్టే తలుపు పూర్తిగా మూయకుండా తాడుతో కట్టాడు. బ్యాటరీని డేల్ లోపల, పొట్టకు ఆనించి పెట్టుకుని ఆస్పత్రిలోకి వెళ్లాడు. నడవా తుడిచే ఆవిడ చీపురు అడ్డం పెట్టింది.

"ఏమిటా పొట్ట?"

"గొర్రెపిల్ల, అక్కా. ఇప్పుడే పుట్టింది."

"అరవదేం?"

"చలికి నోరు పెగల్లేదు."

ఆవిడ డేల్ అంచు ఎత్తి చూసింది. "దీని తల్లి టయోటానా?" అని, వేడి గొట్టం పక్కనున్న బల్ల చూపించింది. "ఆమ్లం కారిందంటే నీచేతే తుడిపిస్తాను."

నాలుగు గంటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇది లేవకపోతే ఏమవుతుందో అన్నది తప్ప ఇంకే ఆలోచనా రాలేదని తర్వాత నాతో చెప్పాడు. పగ్మాను నడవాలోనే కూర్చోబెట్టి బయటికెళ్లి బిగించాడు. వేళ్ల చర్మం ఇనుముకు అంటుకుంది. మీట నొక్కాడు. తెర వెలిగింది. ఇంజను ఒక క్షణం ఏమీ అనలేదు, తర్వాత దగ్గింది, తర్వాత తిరిగింది.

పది కిలోమీటర్లు పోయాక హీటరు వేశాడు. తెరమీద అంకె కదలలేదు. పగ్మా చేతులు చాపి వేడి తగిలే చోట పెట్టింది.

"ఏమైంది, పెట్రోలు దొరికిందా?"

"లేదు. ఇది ఎలాగూ పోయే వేడే."

"మరి మొన్నటిదాకా ఎటు పోయింది?"

అతను వేడిగాలిని ఆమె వైపు తిప్పాడు.

కనుమ దగ్గర పెట్రోలు దీపం మిణుకుమంది. మూడు హారన్లు కొట్టాడు. ఊరి దీపాలు కనబడే చోట, రెండు కిలోమీటర్లుందనగా, ఇంజను ఆగిపోయింది. బండి మాత్రం ఆగలేదు. బండిని నడిపే పెద్ద బ్యాటరీలో మిగిలినదానితో చప్పుడు లేకుండా, మనిషి పరుగంత వేగంతో పోతూనే ఉంది. హీటరు గాలి చల్లబడింది. అలా నడిపితే ఆ బ్యాటరీ చెడిపోతుందని నేను చెప్పే పంపాను. విన్నాడు, అయినా నడిపాడు. బడి బాయిలర్ గది ముందు అది కూడా ఆగిపోయింది. ఇల్లు ఇంకా మూడు వందల గజాలు.

ఆ రాత్రి అతని షిఫ్టే. పగ్మాను లోపలికి తీసుకెళ్లి పొయ్యి పక్క బల్ల మీద కూర్చోబెట్టాడు. నేను వెళ్లేసరికి ఆమె బూట్లు విప్పి, చాలా రోజుల తర్వాత కాళ్లు చాపుకుని ఉంది. ఒక గుటక టీ పోసుకుంది. ఒంట్లో నీరు చేరకుండా ఆమెకు రోజుకు ఎన్ని గుటకలో కూడా లెక్కే. యాదమ్ నోటుబుక్కులో అంకెల పక్కన కొత్త గీత గీసి, పైన 'నిలబడింది' అని రాశాడు. కింద నాలుగు గంటలు, పెట్రోలు సున్నా.

"వచ్చేవారం?" అంది పగ్మా.

"సోమవారం బండిని బంకుదాకా తోసుకుపోతే ఇరవై పోస్తారు. పందొమ్మిదిన్నర పడుతుంది."

"అర లీటరు మిగులుతుందన్నమాట."

"చలి పెరగకపోతే," అని, పార అందుకున్నాడు.